తెల్ల గుర్రానికి దిమ్మిస కొట్టి వచ్చాం

ఈ వేసవిలో నాన్నా నేనూ కలిసి ఒక గుర్రానికి సుద్ద కొట్టి వచ్చాం. గుర్రమంటే ప్రాణమున్న గుర్రం కాదు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో అఫింగ్టన్ అని ఒక పల్లె ఉంది. దానికి దక్షిణాన పచ్చటి కొండ, ఆ కొండ పైభాగాన పరుగు తీస్తున్న తెల్ల గుర్రం బొమ్మ. తల నుంచి తోక దాకా 110 మీటర్లు. వాలులో గడ్డి తీసేసి, కొన్నిచోట్ల మీటరు లోతు దాకా తవ్వి, ఆ తవ్విన చోటంతా సుద్దతో నింపి చేసిన బొమ్మ. వయసు సుమారు మూడు వేల ఏళ్లు. ఏటా వేసవిలో దాని మీద కొత్త సుద్ద పోసి సుత్తులతో కొడతారు. కొట్టేది మామూలు జనమే. పేరిచ్చుకుంటే ఎవరైనా వెళ్లొచ్చు.

నేను ఉండేది స్విండన్‌లో. సెలవు దొరికితే మావాళ్లంతా స్టోన్‌హెంజ్ అనో కాట్స్‌వోల్డ్స్ అనో బయల్దేరతారు గానీ, కారులో అరగంట దూరం లేని అఫింగ్టన్ మాట ఎవరూ ఎత్తరు. అక్కడ టికెట్ గేటు లేదు, క్యూ లేదు, సెల్ఫీ దిగే చోటంటూ లేదు. పైగా ఆ గుర్రం దగ్గరికి వెళ్లేకొద్దీ కనపడకుండా పోతుంది. ఎవరికి చూపించి ఏం చెప్తాం?

నాన్న సంగతి వేరు. ఆయన మదనపల్లె వైపు పంచాయతీరాజ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. గ్రావెల్ రోడ్లు, చెరువు కట్టలు, కల్వర్టులు, అదీ ఆయన ప్రపంచం. లండన్ తీసుకెళ్తే అన్నీ చూసి "బాగుంది" అన్నారు, అంతే. మా వీధి చివర పైపు కోసం రోడ్డు తవ్వుతుంటే మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి నిలబడి చూసొచ్చేవారు. ఈయన్ని మ్యూజియాలకి కాదు, పని జరిగే చోటికి తీసుకెళ్లాలని అప్పుడే అర్థమైంది.

ఈ కొండ 1979 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. సుద్ద పని ఏయే రోజుల్లో పెట్టుకున్నారో ముందే వెబ్‌సైట్‌లో వేస్తారు, అందులో స్లాట్ తీసుకోవాలి. తొందరగా నిండిపోతాయి కాబట్టి తేదీలు వచ్చాయా లేదా అని ముందు నుంచే చూస్తుండాలి. పాత బట్టలు, గట్టి బూట్లు, టోపీ, తాగునీళ్లు తెచ్చుకోమన్నారు. మిగతావి వాళ్లే ఇస్తారు. నాన్న ఇంట్లో వెతికి మరీ నా తోట పని గ్లవ్స్ బ్యాగులో పెట్టుకున్నారు.

కారు పార్కింగ్ నుంచి కొండ పైకి పచ్చిక మీద నడిచి వెళ్లాలి. గొర్రెలు మేస్తుంటాయి. అవి మేస్తేనే గడ్డి ఎదగకుండా ఉండేది. గాలి మాత్రం మనిషిని తోసేసేంత. సముద్ర మట్టానికి 261 మీటర్లంటే మనకి గుట్ట కిందే లెక్క గానీ, ఆక్స్‌ఫర్డ్‌షైర్ మొత్తానికి ఎత్తయిన చోటు ఇదే. 1974 దాకా ఇది బెర్క్‌షైర్ కింద ఉండేది. తర్వాత సరిహద్దులు మార్చి ఇటు కలిపారు. ఊళ్లో ఓ పెద్దాయన మాట్లాడుతూ ఇప్పటికీ బెర్క్‌షైర్ అనే అన్నాడు. జిల్లాలు మార్చినా జనం నోట్లో పాత పేరే నలుగుతుందన్నమాట, ఎక్కడైనా.

రేంజర్ అమ్మాయి మమ్మల్నందర్నీ గుర్రం పక్కన నిలబెట్టి పని చెప్పింది. మామూలు రోజుల్లో బొమ్మ మీద అడుగు పెట్టకూడదు. ఒకప్పుడు గుర్రం కంటి మీద నిలబడి, కళ్లు మూసుకుని మూడు చుట్లు తిరిగి కోరిక కోరుకునేవాళ్లట. అలా తిరిగితే సుద్ద అరిగిపోతుంది. ఇప్పుడు సుద్ద పనికి వచ్చినవాళ్లు తప్ప ఎవరూ దాని మీదికి వెళ్లకుండా చూస్తున్నారు. మొదట కలుపు పీకాలి. తర్వాత అంచుల్లో లోపలికి పాకిన గడ్డిని కోయాలి. ఆపైన బకెట్లతో తెచ్చిన సుద్ద గడ్డల్ని పలచగా పోసి, పొడి అయ్యి ముద్ద అయ్యేదాకా కొట్టాలి. కళ్లకి అద్దాలు, మోకాళ్ల కింద మెత్తలు, పొట్టి పిడి ఉన్న బరువైన సుత్తి ఇచ్చారు.

అంతా అయ్యాక "ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది. నాన్న చెయ్యెత్తారు. "లేయర్ థిక్‌నెస్ ఎంత?"

ఆ అమ్మాయి ఆయన వైపు చూసి, వేళ్లతో కొలత చూపించింది. ఎక్కువ మందంగా పోస్తే పైన గట్టిపడి కింద వదులుగా ఉండిపోతుందని చెప్పింది. నాన్న తలూపి నాతో మెల్లిగా అన్నారు, "చూశావా పాపా, ఎక్కడైనా అదే. ఒక్కసారే అడుగు మందం పోసి దిమ్మిస కొడితే వానకి కుంగుతుంది. మా కాంట్రాక్టర్లకి ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు కాదు."

మాకు మెడ దగ్గర చోటిచ్చారు. అక్కడ కూర్చుంటే గుర్రం కనపడదు. వంపు తిరిగిన ఓ తెల్లటి పట్టీ, దానికి అటూ ఇటూ గడ్డి, కింద లోయ. కొంచెం అవతల ఇంకో తెల్ల ముక్క. అది కాలో చెవో తెలియదు. కాళ్లలో రెండు అసలు ఒంటికే అతకవు, విడిగా గీశారు. మూతి పక్షి ముక్కులా చీలి ఉంటుంది. ఇదంతా నాకు పటంలో చూసి తెలిసిందే తప్ప, గుర్రం మీద కూర్చుని తెలుసుకున్నది కాదు.

మొదటి దెబ్బలకి గడ్డలు పగిలి ముక్కలు ఎగిరిపడతాయి. తర్వాత పిండి అవుతుంది. సుద్దలో సహజంగానే కొంచెం తడి ఉంటుంది కాబట్టి ఇంకా కొడితే ఆ పిండి సుత్తికి అంటుకోవడం మొదలుపెడుతుంది. గీకి మళ్లీ కొట్టాలి. మధ్యలో సుత్తి కింద ఏదో ఠంగుమని ఎగిరి నా అద్దాలకి తగిలింది. చెకుముకి రాయి ముక్క. సుద్ద ఉన్నచోట ఇవి పొరలుగా ఉంటాయి. ఈ సుద్ద కొండలన్నీ 7 నుంచి 10 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నవే, కంటికి కనపడని జీవుల పెంకులు. నాన్న ఒక గడ్డని గోరుతో గీరి, వేళ్ల మధ్య నలిపి, నాలుక చివర పెట్టి చూసి ఉమ్మేశారు. మట్టిని పరీక్షించేటప్పుడు ఆయన పద్ధతి అదే. "క్లే కలవలేదు. మంచి సరుకు."

కాసేపటికి ఆయన నన్ను ఆపారు. "శబ్దం విను." వదులుగా ఉన్నచోట సుత్తి చప్పగా పడుతుంది, ఏదో మెత్తటి దాని మీద కొట్టినట్టు. గట్టిపడేకొద్దీ మోత సన్నబడి, చివరికి దెబ్బ మణికట్టు దాకా తిరిగొస్తుంది. అప్పుడు ఆపి పక్కకి జరగాలి. ఆయన వినికిడి తగ్గిందని ఇంట్లో అందరం టీవీ సౌండ్ గురించి గొడవపడుతుంటాం. ఇక్కడ మాత్రం నా వెనక నుంచే "ఇంకా అవలేదు, కొట్టు" అంటున్నారు.

మా పక్కన పని చేస్తున్న దంపతులు ఏటా వస్తారట. గుర్రం మెడ, తల ఈ మధ్య సన్నబడిపోయిన సంగతి వాళ్లు చెప్పారు. అంచుల నుంచి గడ్డి కొంచెం కొంచెం చొచ్చుకొచ్చి, కొన్నిచోట్ల సగం వెడల్పు మింగేసింది. పాత ఫొటోలతో పోల్చి చూసి 2024లో పురావస్తు శాస్త్రవేత్తలు, ట్రస్ట్ వాళ్లు కలిసి ఆ గడ్డిని వెనక్కి కోసి, సుద్ద సర్ది, పాత రూపానికి తెచ్చారు. ఏటా జనం వచ్చి కొడుతున్నా అంత పోయిందంటే, కొన్నాళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే కొండ దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. స్టోన్‌హెంజ్ రాళ్లని వందేళ్లు మరిచిపోయినా అవి అలా నిలబడే ఉంటాయి. ఈ గుర్రానికి ఆ వీలు లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇదే. మూడు వేల ఏళ్లలో ఇక్కడ రాజ్యాలు మారాయి, భాషలు మారాయి, దేవుళ్లు మారారు. బొమ్మ ఎందుకు గీశారో తెలిసినవాళ్లు ఎప్పుడో పోయారు. అయినా ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు వచ్చి గడ్డి పీకారు. 1990లలో పురావస్తు శాస్త్రవేత్తలు గుర్రం అడుగు పొరల్లోని మట్టిని తీసి, అందులోని రేణువులకి ఆఖరిసారి ఎండ ఎప్పుడు తగిలిందో లెక్కగట్టారు. క్రీ.పూ. 1380 నుంచి 550 మధ్య అని తేలింది. అంతకుముందు చాలామంది ఇది 871లో ఆల్ఫ్రెడ్ రాజు, డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చిన డేన్ల మీద గెలిచినప్పుడు గీయించిందని నమ్మేవాళ్లు. ఆల్ఫ్రెడ్ నాటికే ఈ గుర్రానికి వెయ్యేళ్లు దాటాయన్నమాట.

టీ విరామంలో రేంజర్ చెప్పిన ఇంకో సంగతి నాన్నకి బాగా పట్టుకుంది. 1677లో థామస్ బాస్కర్‌విల్ అనే ఆయన ఇటు వచ్చి ఏం రాశాడంటే, ఈ చుట్టుపక్కల కొందరికి వాళ్ల భూముల మీదే ఒక బాధ్యత ఉందట. భూమి అనుభవించాలంటే గుర్రాన్ని శుభ్రం చేయాలి. నేను తెలుగులో చెప్పగానే నాన్న టీ కప్పు కింద పెట్టారు.

"మా దశబంధం మాన్యమే కదా!"

చిత్తూరు, కడప వైపు పాత చెరువులకి ఇలాంటి మాన్యాలు ఉండేవి. చెరువు తవ్వించినవాళ్లకో, మరమ్మతు చూసుకునేవాళ్లకో కొంత భూమి ఇచ్చేవాళ్లు. కట్ట తెగకుండా, తూము పూడకుండా చూడటం వాళ్ల పూచీ. మాన్యం అనుభవిస్తూ చెరువుని గాలికొదిలేసిన కథలు నాన్న దగ్గర బోలెడు. వాటిలో ఒకటి రేంజర్‌కి చెప్పమని నన్ను తొందరపెట్టారు. తూముకి, కలుజుకి ఇంగ్లీషులో ఏమనాలో తెలియక నేను చేతులతో చూపిస్తుంటే, ఆ అమ్మాయి పాపం ఓపిగ్గా వింది.

బాధ్యత ఒక్కటే అయితే ఇక్కడా అలాగే అయ్యేదేమో. కానీ వీళ్లు ఇంకో తెలివైన పని చేశారు, సుద్ద పనిని తిరునాళ్లగా మార్చేశారు. కొన్నేళ్లకోసారి ఊళ్ల వాళ్లందరూ చేరి గుర్రాన్ని శుభ్రం చేసి, పక్కనున్న పాత కోటలో ఆటల పోటీలు పెట్టుకునేవారు. కుస్తీలు, కర్రసాము, గుర్రప్పందేలు. గుండ్రటి చీజ్ దిమ్మని లోయలోకి దొర్లించి దాని వెనక పరుగెత్తడం. ఆ వాలు చూస్తే కాళ్లు విరగ్గొట్టుకోవడానికే పెట్టినట్టుంది. పెద్ద ఎత్తున జరిగిన ఆఖరి ఉత్సవం 1857లో. అఫింగ్టన్‌లోనే పుట్టిన థామస్ హ్యూస్ దాని మీద పుస్తకం రాశాడు కాబట్టి అక్కడ ఏం జరిగిందో ఇంత వివరంగా తెలుస్తోంది. ఇప్పుడు ఆటల్లేవు, చీజూ లేదు. టీ, బిస్కట్లు ఉన్నాయి. అయినా జనం వస్తున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం పని తలకిందులైంది. జర్మన్ విమానాలకి గుర్తు దొరక్కుండా గుర్రం మీద గడ్డి, కొమ్మలు కప్పేశారు. ఆకాశం నుంచి అంత స్పష్టంగా కనపడుతుంది మరి. నేల మీద ఉన్నవాళ్లకి సరిగా కనపడని బొమ్మ ఎవరి కోసం గీసినట్టు? సౌతాంప్టన్ యూనివర్సిటీకి చెందిన జాషువా పోలార్డ్ 2017లో ఒక వాదన ముందుకు తెచ్చాడు. ఇది సూర్యుడి గుర్రమట. చలికాలం నడిమధ్యన ఎదుటి గుట్ట నుంచి చూస్తే, సూర్యుడు గుర్రం వెనక నుంచి లేచి, కొండ మీదుగా సాగి, దాన్ని దాటిపోతున్నట్టు ఉంటుందట. నాకు నచ్చిన వాదన ఇది. నాన్న ఒప్పుకోలేదు. "సూర్యుడికి ఏడుండాలి కదా, మిగతా ఆరూ ఏవి?" అన్నారు. ఎందుకైనా మంచిదని లేచేటప్పుడు నేలని తాకి కళ్లకద్దుకున్నారు.

మా స్లాట్ అయ్యేసరికి మేమిద్దరం చాప ఒకటి పరిచినంత మేర పని చేశాం. అంతే. అంతమంది ఉన్నారు కాబట్టి సరిపోయింది. నాన్న లేచి, బూటు మడమతో ఒత్తి చూసి, తృప్తిగా సుత్తి అప్పగించారు. ఇద్దరం మోకాళ్ల దాకా తెల్లగా ఉన్నాం.

పని తర్వాత కొండ చుట్టూ నడిచాం. గుర్రానికి కింద డ్రాగన్ హిల్ అని నెత్తి కోసేసినట్టుండే చిన్న గుట్ట ఉంది. సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని చంపింది అక్కడేనని, దాని రక్తం పడ్డచోట గడ్డి మొలవదని చెప్పుకుంటారు. నిజంగానే ఒక చోట గడ్డి లేదు, తెల్ల సుద్ద బయటపడి ఉంది. పక్కన మేంజర్ అనే లోయ. ఒకవైపు గోడంతా మడతలు మడతలుగా ఉంటుంది. మంచు యుగంలో గడ్డకట్టిన నేల కరుగుతూ జారినప్పుడు పడ్డ మడతలు అవి. పైన ఇనుప యుగం నాటి కోట. కోట అంటే రాతి గోడలు కాదు, లోతైన కందకం, దాని పక్కన ఎత్తయిన మట్టికట్ట, అంతే. నాన్న ఆ కట్ట మీద చుట్టూ తిరిగొచ్చారు. ఎక్కడెక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ గొర్రెలు దారి చేశాయో అన్నీ చూపించారు.

కోట పక్క నుంచే రిడ్జ్‌వే పోతుంది. కొండ వెన్ను మీద నడిచే చాలా పాత కాలిబాట, ఇప్పుడు 139 కిలోమీటర్ల పొడవున నడక దారిగా ఉంచారు. దాని మీద పడమరకి రెండు కిలోమీటర్లు దాటి పోతే బీచ్ చెట్ల మధ్య వేలాండ్స్ స్మితీ అనే రాతి సమాధి వస్తుంది. అయిదున్నర వేల ఏళ్ల నాటిది, గుర్రం కంటే చాలా ముందుది. రాత్రి అక్కడ గుర్రాన్ని కట్టేసి ఓ నాణెం పెట్టి వెళ్తే, తెల్లారేసరికి వేలాండ్ అనే కమ్మరి నాడా కొట్టి పెడతాడని కథ. అప్పటికే కాళ్లు పీకుతున్నాయి. చూసి వెనక్కి వచ్చేశాం.

అఫింగ్టన్ ఊళ్లోకి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఎవరూ లేరు. ఒక పిల్లి, సైకిల్ మీద ఓ అబ్బాయి, ఎక్కడో గడ్డి కోసే మిషన్ మోత. ఇక్కడ చాలా ఇళ్లు ఆ కొండ సుద్దతోనే కట్టారు. సుద్దని దిమ్మలుగా కోసి పేర్చిన గోడలు, పైన గడ్డి కప్పు. మెత్తటి రాయి కాబట్టి అడుగున గట్టి రాయో ఇటుకో వేసి, చూరు బాగా ముందుకి దింపారు. నీళ్లు కిందనుంచీ ఎక్కకూడదు, పైనుంచీ తడపకూడదు. నాన్న ఒక గోడ ముందు నిలబడి పునాది నుంచి చూరు దాకా అంత శ్రద్ధగా చూస్తుంటే, ఇంటావిడ కిటికీ తీసి ఏం కావాలని అడిగింది. నేను విషయం చెప్పాను. ఆవిడ బయటికొచ్చి, పోయిన చలికాలం రాలిన చోటు తనే చూపించింది.

ఊరి చర్చి 13వ శతాబ్దానిది, గోపురం ఎనిమిది పలకలుగా ఉంటుంది. కవి జాన్ బెట్జమన్ 1930లలో ఈ ఊళ్లోనే కాపురం ఉండి ఈ చర్చి వ్యవహారాలు చూసుకునేవాడు. చర్చికి దగ్గర్లోనే 1617 నాటి చిన్న బడి ఉంది, అదిప్పుడు మ్యూజియం. వేసవిలో వారాంతాల్లో, సెలవు రోజుల్లో మధ్యాహ్నం పూట తెరుస్తారు. ఒక్క గదే గానీ, పాత సుద్ద ఉత్సవాల సంగతులు చూడాలంటే అక్కడికే వెళ్లాలి. గుర్రం మొత్తాన్ని ఒక్క చూపులో పట్టుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఊరు దాటి లాంగ్‌కాట్ అనే పల్లె వైపు పోవాలి. స్విండన్ నుంచి డిడ్‌కాట్ వెళ్లే రైల్లో దక్షిణం వైపు కిటికీ దగ్గర కూర్చున్నా కాసేపు కనపడుతుంది.

నాన్న మదనపల్లె వెళ్లిపోయాక మొన్న ఫోన్ చేశారు. నా ఆరోగ్యం, వర్షాలు, ఆఫీసు అన్నీ అడిగి, చివర్లో అసలు సంగతికి వచ్చారు.

"అక్కడ వానలు మొదలయ్యాయా?"

"ఎప్పుడో మొదలయ్యాయి నాన్నా."

"ఓసారి వెళ్లి ఆ మెడ దగ్గర మనం కొట్టిన చోటు ఫొటో తీసి పంపు. మీదికి ఎక్కకు, పక్కనుంచే తియ్యి. కుంగితే ఒక వైపే కుంగుతుంది, వాలు వైపు. ఆ రోజు ఆ అంచు నువ్వే కొట్టావు."